‘అడ్వర్స్’ అన్న మాటకు సంతకం పెట్టని విద్యావతి గారు

కార్యాలయం తాళం తీయించాలి; తాగునీళ్లు పట్టించాలి; బస్తీల నుంచి అందిన ప్రమాద సమాచారాన్ని మధ్యాహ్నంలోగా ఇంగ్లీషులో టైపు చేయాలి; గాయపడినవారి ఇళ్లకు కబురు పంపాలి; అధ్యక్షులవారు వచ్చేసరికి కాగితాలన్నీ సంతకానికి సిద్ధంగా ఉంచాలి. 1989 జూన్ పన్నెండవ తేదీన, చిక్కడపల్లిలోని మన భవన నిర్మాణ కార్మికుల సహాయ సంఘంలో టైపిస్టుగా చేరిన శ్రీమతి విద్యావతి గారికి మొదటిరోజు అప్పగించిన పనులివి. పనిచేసే చోట ప్రమాదానికి గురైన కార్మికుల కుటుంబాలకు యజమానుల నుంచి పరిహారం ఇప్పించడమే మన సంఘం పని కనుక, ఆ కాగితాలలో ప్రమాద కారణం అన్న ఒక్క వాక్యం మీదే ఒక్కొక్క ఇంటి బతుకు ఆధారపడి ఉంటుందని అడిక్‌మెట్ నుంచి రోజూ నడిచి వచ్చే ఆ యువతికి త్వరలోనే అర్థమైంది.

అర్థమైన మరుక్షణం కోపం కూడా వచ్చింది. గోడ కూలినా, నిచ్చెన విరిగినా, కరెంటు తీగ తగిలినా కారణం ఒక్కటే: ‘అడ్వర్స్ కండిషన్స్’. పరిస్థితులు ప్రతికూలంగా ఉన్నాయట! నల్లా రాకపోతే అడ్వర్స్, లిఫ్టు ఆగిపోతే అడ్వర్స్, జీతాలు ఆలస్యమైతే అడ్వర్స్, మనిషి చచ్చిపోయినా అడ్వర్సే. మనలో చాలామందిమి ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాళ్లం; ఇంగ్లీషు మాట ఎదురైతే పెద్దమనిషి వచ్చినట్టు లేచి నిలబడతాం. విద్యావతి గారు మాత్రం కూర్చునే ఉండి, ‘ఏం జరిగింది?’ అని అడిగారు. ఎవరు ఏం చేశారో, ఎవరు ఏం చేయలేదో చెప్పకుండా తప్పించుకోవడానికి ఇంత గౌరవనీయమైన మాట మరొకటి లేదని ఆమె అభిప్రాయం. అది సరైన అభిప్రాయం.

1998లో సహాయ పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందిన వెంటనే ఆమె ఒక పద్ధతి పెట్టారు. సంతకానికి ముందు ప్రతి ప్రమాద నివేదికనూ, దానిని రాసిన ఉద్యోగే నిలబడి, బాధిత కుటుంబాన్ని కుర్చీలలో కూర్చోబెట్టి, తెలుగులో చదివి వినిపించాలి. ఇదెక్కడి చాదస్తమని నవ్వినవారున్నారు, విసుక్కున్నవారున్నారు. ఆమె పద్ధతి మారలేదు. 2012లో పర్యవేక్షకురాలై, నివేదికల మీద సంతకం చేసే బాధ్యత కూడా చేపట్టిన తరువాత అది కార్యాలయ నియమమే అయింది.

2019 వేసవిలో అశోక్ నగర్‌లో, పాత భవనం మీద హాస్టల్ కోసం కొత్త అంతస్తులు వేస్తుండగా, కట్టెలతో కట్టిన పరంజా విరిగి తాపీ పనివాడు ఈదయ్య మరణించాడు. మహబూబ్‌నగర్ ప్రాంతం నుంచి వచ్చి దోమలగూడ బస్తీలో కిరాయికి ఉండే కుటుంబం. అతని భార్య మాసమ్మ, తోటి పనివాడు పీరయ్య కార్యాలయానికి వచ్చి కూర్చున్నారు. క్షేత్ర పరిశీలకుడు అభిజిత్ నివేదిక చదువుతూ, ఆ మాట దగ్గర తడబడి, “పరిస్థితులు అనుకూలించక” అన్నాడు.

మాసమ్మ తలెత్తింది. “అనుకూలించకపోవుడు ఏంది సారూ? వాన లేదు, గాలి లేదు. గోవ తాడు చీకిపోయింది, మార్చుర్రి అని మా ఆయన రెండు దినాలు సేటు ఎనకాల తిరిగిండు. గా ముచ్చటేది గిండ్ల?”

పరంజాను పనివాళ్లు గోవ అంటారు. విద్యావతి గారు పీరయ్య వైపు తిరిగి, “ఆ గోవ ఇప్పుడెట్లున్నది?” అని అడిగారు.

“గట్లనే ఉంది మేడం. ఇరిగిన దిక్కు ఒక్క కొత్త కట్టె పెట్టిర్రు. రేపు పొద్దుగాల ఎక్కుమంటున్నరు.”

“ఎక్కుతరా మరి?”

“ఎక్కకుంటె వేరేటోళ్లను తెస్తడు.”

ఆమె అభిజిత్‌ను చూశారు. “గీ మాట రాసినంక ఆ గోవను ఇప్పేటోడు ఎవడన్న ఉంటడా? పరిస్థితులకు నోటీసు ఇస్తమా?”

“అందరు గట్లనే రాస్తరు మేడం. కారణం రాస్తె సేటు లొల్లి చేస్తడు.”

“చెయ్యనియ్. లొల్లి చేసేటోనికి పేరుంటది గద.”

అప్పటి అధ్యక్షులు శ్రీ ప్రహ్లాద్ గారు పక్కగదిలోంచి వచ్చి, “విద్యావతి గారు, జర ఆలోచించుండ్రి. ఆ సేటు మన కార్యవర్గంల ఉన్నడు” అని నచ్చజెప్పారు.

“సంతకం నాది సార్. గా మాటకు పెట్ట.”

మరునాడు పొద్దున్నే అభిజిత్‌నూ పీరయ్యనూ వెంటబెట్టుకుని ఆమె అశోక్ నగర్ చేరేసరికి మనుషులు అప్పటికే పైన ఉన్నారు. పని ఆపమంటే భవన యజమాని అయిన ఆ సేటు నవ్వాడు. “మేడంకు ఇంగ్లీషు నచ్చలేదంట. మంచి డిక్షనరీ కొనిస్త తియ్యుండ్రి. పని ఆపుడేంది?”

“డిక్షనరీ తర్వాత కొందురు. ముందు తాళ్లు కొనుండ్రి.”

పైనున్నవారు వెంటనే దిగలేదు. దిగితే ఆ రోజు కూలి పోతుంది. పీరయ్య గొంతెత్తి, “ఈదన్న పోయినంక గూడ ఎక్కుతరారా? దిగుర్రి!” అని అరిచాడు. ఒకరు దిగారు, వెనుక మరొకరు. పరంజా విప్పేదాకా విద్యావతి గారు ఎండలో అక్కడే నిలబడ్డారు. చీకిన తాళ్లను మార్చమని ఈదయ్య రెండు రోజులు కోరినా యజమాని మార్చనందున అతడు మరణించాడని అభిజిత్ తన చేతితోనే తిరిగి రాశాడు. మాసమ్మకు చదివి వినిపించాడు. ఆ నివేదిక మీద విద్యావతి గారు సంతకం చేశారు. పరిహారం మీద మాసమ్మ హక్కు నిలబడింది.

నెల తిరగకముందే ఆమెను నారాయణగూడలో మన పాత సామాను భద్రపరిచే గదికి బదిలీ చేశారు. అప్పటికి ముప్పై ఏళ్ల సేవ చేసిన పర్యవేక్షకురాలికి విరిగిన కుర్చీల మధ్య ఒక బల్ల వేశారు. మూడేళ్ల తరువాత కొత్త కార్యవర్గం ఆమెను గౌరవంగా చిక్కడపల్లికి పిలిపించి, తిరిగి అదే బాధ్యత అప్పగించింది.

ఇంత జరిగినా మనం నేర్చుకున్నది తక్కువే. ఇప్పుడు ఆమె పదవీ విరమణ సందర్భంగా జరిగే వీడ్కోలు సభకు తయారైన పరిచయ పత్రంలో ‘అనేక అడ్వర్స్ పరిస్థితులను ధైర్యంగా ఎదుర్కొన్న విద్యావతి గారు’ అని రాశారు. అది చదివి ఆమె, దానిని రాసిన మన యువ సహోద్యోగిని సంయుక్తను పిలిచారు.

“నన్ను నారాయణగూడకు పంపింది పరిస్థితులా బిడ్డా? ఆర్డరు మీద సంతకం లేకుండెనా?”

ఉండెను. కనుక మన సంఘం పత్రిక ఈ సంచికలో స్పష్టంగా రాస్తున్నాం: వారిని పంపినవారు శ్రీ ప్రహ్లాద్ గారు, పంపిన కారణం, విద్యావతి గారు నిజమైన నివేదిక మీద సంతకం చేయడం. సభకు ప్రహ్లాద్ గారూ విచ్చేస్తున్నారు. ఈ వాక్యం అచ్చవుతున్నదని వారికి ముందుగానే తెలియజేశాం.

పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి విద్యావతి గారికి నిండు ఆరోగ్యం, కంటినిండా నిద్ర, మనవలతో కాలక్షేపం, నూరేళ్ల ఆయుష్షు కలగాలని సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం. శాలువా వద్దన్నారు, పూలదండ వద్దన్నారు. ఏం కావాలని అడిగితే ఒక్కటే చెప్పారు. వారి మాటగా దానిని పాఠకులకు విన్నవిస్తున్నాం. అశోక్ నగర్‌లో ఆ హాస్టల్ ముందు నుంచి వెళ్లినప్పుడు, తాడు మార్చమని రెండు రోజులు అడిగిన ఈదయ్యను దయచేసి తలచుకోండి.