చూపుతో నడిచిన టోపీవాడు

ముందు ఆట సంగతి చెప్పాలి, లేకపోతే మా తమ్ముడి గొప్ప మీకు అర్థం కాదు. అరచేతిలో ఇమిడే యంత్రం. దాని తెర మీద ఒక గది, గదిలో వేలెడంత టోపీవాడు. వాడి చేత పెట్టెలు తోయించి, నిచ్చెనలెక్కించి, తాళంచెవి మోయించి తలుపు తీయించాలి. తలుపు తెరుచుకుంటే ఇంకో గది, ఇంకో చిక్కు. మా మనవరాలు ఒక గదిలో ఇరుక్కుపోయి మూడు రోజులైంది. యంత్రమేమో స్నేహితురాలిది, సాయంత్రానికి ఇచ్చేయాలి. ఆ గది దాటించినవాళ్ళకే అప్పటిదాకా ఆట అని అదీ మా తమ్ముడూ పందెం వేసుకున్నారు. బస్సు నడిపి రిటైరైన మా తమ్ముడు దాన్ని తీసుకుని లోపలికెళ్ళి, కాసేపటికి కాలరు సర్దుకుంటూ వరండాలోకొచ్చాడు.

"దాటావా చిన్నతాతా?" మనవరాలు ఎదురెళ్ళి అడిగింది.

"దాటడమేమిటే, మొదట ఏదో పెట్టె తోశాను, కొండ మలుపులో బస్సు వెనక్కి తీసినవాడికి పెట్టె ఒక లెక్కా, ఆ తర్వాత ఏమైందో తెలుసా అక్కా, బొటనవేలు తిమ్మిరెక్కి చెయ్యి తీసేశాను, అయినా వాడు ఆగలేదు, నా కళ్ళలోకి ఒకసారి చూసి నిచ్చెనెక్కేశాడు."

"బొమ్మ నీ కళ్ళలోకి చూసిందిట్రా?"

"చూడకేం? ఎడమకి అనుకుంటే ఎడమకి, దూకరా అనుకుంటే దూకడం. మంచినీళ్ళకి వంటింట్లోకెళ్ళానా, అక్కణ్ణుంచే మనసులో చెప్పాను, తిరిగొచ్చేసరికి ఇంకో గది దాటి ఉన్నాడు. చివరికి రాళ్ళు దొర్లించే రాక్షసుడొకడు వచ్చాడు. నన్ను చూశాడు. రాళ్ళు పక్కన పెట్టి, 'ముందు స్టాపులో దిగిపోతాను సార్' అన్నాడు."

"టికెట్ కొట్టావా?" అన్నాను.

"వదిలేశాను, పాపం."

మనవరాలు మెల్లగా అడిగింది. "చిన్నతాతా, స్టార్ట్ నొక్కావా?"

"అదెక్కడుంటుంది?"

"అది నొక్కకుండా వదిలేస్తే, ఎలా ఆడాలో చూపించడానికి ఆట దానంతటదే ఆడుకుంటుంది."

మా తమ్ముడు తొణకలేదు. "ఆడుకోనీ. నేను ఎదురుగా కూర్చోబట్టే కదా అంత బుద్ధిగా ఆడింది."

మనవరాలు స్టార్ట్ నొక్కి యంత్రం మా తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు ఊపిరి బిగబట్టి ఒక మీట నొక్కాడు. టోపీవాడు నాలుగడుగులు వేసి, తిన్నగా వెళ్ళి గోతిలో పడ్డాడు.

"ఎవరే వాణ్ని తోసింది?"

"ఇదిగో, ఇప్పుడు ఆడావు," అని మనవరాలు యంత్రం లాక్కుంది.