మైకు మావయ్య విమానం దించిన వైనం

మైకులూ, లౌడు స్పీకర్లూ అద్దెకిచ్చే మనిషికి అసలు మైకుతోనే పని లేకపోవడం వింతే. మావయ్య సందు మొదట్లో స్కూటరు ఆపుతూ "బావా!" అన్నాడంటే, సందు చివర మిషను ముందు కూర్చున్న నాన్న చేతిలో దారం సూది బెజ్జం తప్పేది. అందుకే ఆయన్ని అందరూ మైకు మావయ్య అనేవాళ్ళు, వరస కలవనివాళ్ళు కూడా.

ఆ ఆదివారం మావయ్యా అత్తయ్యా వచ్చారు. అత్తయ్య చెల్లెల్ని చూడబోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానం ఎక్కి దిగిన వారం అది. ఇంటి ముందుగదే నాన్న దర్జీ కొట్టు కాబట్టి అక్కడే అందరూ చేరారు. పక్కింటి రిటైరైన బస్సు కండక్టరు బల్ల మీద కూర్చున్నాడు. ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన కన్నుకి తగిలించుకునే భూతద్దం నుదుటి మీదకి తోసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అత్తయ్య అమ్మతో పాటు వంటింట్లోకి వెళ్ళింది. ఆ ఇంటి అమ్మాయి గుండీల డబ్బా ముందేసుకుని నాన్న పక్కన నేల మీద కూర్చుంది.

మిషను మీద ఉన్నది అమ్మాయి కోటే. ముదురు నీలం రంగు, విమానాల కంపెనీ వాళ్ళిచ్చింది. భుజాల దగ్గర వదులైందని నాన్న విప్పి మళ్ళీ కుడుతున్నాడు. శిక్షణ అయిపోయింది, మర్నాడు ఎయిర్ హోస్టెస్‌గా ఉద్యోగంలో చేరాలి. నాన్న ఒప్పుకున్నాడనే అనాలి. అయితే ఆ ఒప్పుకోవడం పచ్చికుట్టు లాంటిది, ఎక్కడ లాగినా ఊడొచ్చేలా ఉంది. ఆ సంగతి అమ్మాయికి తెలుసు. అందుకే మావయ్య గొంతు సవరించుకోగానే ఆమె నాన్న మొహం వంక చూసింది.

మావయ్య మాత్రం చిన్న విషయంతోనే ఎత్తుకున్నాడు. ఆయన కోతలన్నీ అలాగే మొదలవుతాయి.

"ఏముంది బావా, ఎక్కాం, కూర్చున్నాం. నా ముందు వరసలో ఒకడు, పై అరలో జనం పెట్టెలన్నీ పక్కకి తోసేసి తన పెట్టె ఇరికిస్తున్నాడు. ఒక ముసలావిడ పెట్టె జారిపోయింది. నేను చెయ్యి చాపి పట్టుకున్నాను. అంతే. చెప్పుకునేంత విశేషమేం కాదు."

"మంచి పని చేశావు బావా," అన్నాడు నాన్న మిషను తొక్కుతూనే.

అక్కడితో ఆగితే ఎంత బావుండేది! కానీ మావయ్య చెవిలో మెచ్చుకోలు పడితే ఎండుగడ్డిలో నిప్పు పడ్డట్టే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్టె పట్టుకున్నందుకు వాడికి రోషం వచ్చింది. లేచాడు. లేవడమంటే మన లేవడమా! నెత్తి వెళ్ళి పైకప్పుకి తగిలింది, మెడ వంచాడు, అయినా ఇంకా లేస్తూనే ఉన్నాడు. ఒక బెల్టు నడుముకి చాలక పక్కవాడి బెల్టు కూడా కలిపి కట్టుకున్నాడేమో, అది పుటుక్కున తెగిన చప్పుడుకి చంటిపిల్లలంతా నిద్రలేచి ఏడుపు లంకించుకున్నారు."

"తాగున్నాడా?" అన్నాడు గడియారాలాయన.

"తాగడమా! వాడు ఊపిరి వదిలితే ముందు వరసల వాళ్ళు తూలారండీ."

అమ్మాయి నవ్వింది. ఈ కోతలు వింటూనే ఆమె పెరిగింది. మావయ్య ఒళ్ళో కూర్చుని, ఆయన పిడుగుని గొడుగుతో తోసేసిన కథ అన్నం మానేసి విన్న రోజులున్నాయి. "తూలేంత తాగినవాణ్ణి అసలు ఎక్కనివ్వరు మావయ్యా," అంది.

"ఎక్కాకే తాగాడు కోడలా! సీసా దాచి తెచ్చుకున్నాడు. నువ్వు ఆగు, అసలు కథ ఇప్పుడే. తోపుడుబండిలో తిండి తెస్తున్నారా, వాడు ఆ బండిని ఒక్క తన్ను తన్నాడు. అది నడవలో రైలింజనులా దూసుకొస్తోంది. నేను కాలు అడ్డం పెట్టాను. ఆగింది. ఒక్క చుక్క తొణికితే నా పేరు మార్చుకుంటాను!"

"కాలికేం కాలేదా?" అన్నాడు కండక్టరు.

"బండికి సొట్ట పడింది."

గదంతా నవ్వింది. నాన్న నవ్వలేదు. మిషను నెమ్మదించింది. "అక్కడ పనిచేసే ఆడపిల్లలుంటారుగా, వాళ్ళేం చేశారు అప్పుడు?" అని అడిగాడు, తల ఎత్తకుండా.

అమ్మాయి మావయ్య కళ్ళలోకి చూసింది. జాగ్రత్తగా చెప్పు అన్నట్టు చూసింది. కానీ కథ మంచి ఊపు మీదున్నప్పుడు మావయ్యకి మనుషులు కనపడరు, నోళ్ళు తెరుచుకున్నాయా లేదా అన్నదే కనపడుతుంది.

"ఏం చేస్తారు బావా, పాపం! ఒక పిల్ల వద్దండీ అని అడ్డం వెళ్ళింది, వాడు చెయ్యి పట్టి విసిరేశాడు. ఆ మూల పడింది. మిగతావాళ్ళు తెర వెనక చేరి ఒకటే ఏడుపు. 'బాబాయ్ గారూ, మీరే దిక్కు' అన్నట్టు నా వైపే చూస్తున్నారు!"

మిషను ఆగిపోయింది.

"మావయ్యా!" అంది అమ్మాయి.

"ఉండు కోడలా, వాడు ఇంకా తలుపు దగ్గరికి వెళ్ళనేలేదు. తిన్నగా వెళ్ళాడు, తలుపు పిడి పట్టుకున్నాడు, 'నన్నిక్కడే దించండి, కింద మా ఇల్లు కనపడుతోంది' అన్నాడు!"

కండక్టరు తొడ చరిచాడు. "ఇలాంటివాళ్ళు నా బస్సులో రోజూ తగిలేవాళ్ళు! నిద్రపోయి స్టాపు దాటించుకుని నా పీక మీద కూర్చునేవాళ్ళు."

"మీ బస్సు కింద రోడ్డుంది కండక్టరు గారూ! మా కింద ఏముంది? మబ్బు! వాడు తలుపు లాగేశాడు."

"గాల్లో ఉండగా ఆ తలుపు తెరుచుకోదు," అంది అమ్మాయి గబగబా, మావయ్యతో కాదు, నాన్నతో. "లోపలి గాలి ఒత్తిడికి ఎంత బలవంతుడైనా కదపలేడు నాన్నా. మాకు చూపించారు."

"పదిమందికి తెరుచుకోదు, వాడికి తెరుచుకుంది!" మావయ్య లేచి నిలబడ్డాడు. లేచాడంటే ఇక కథకి కళ్ళెం లేనట్టే. "బెత్తెడు సందు తెరుచుకుందో లేదో, గాలి! టోపీలు పోయాయి, కళ్ళజోళ్ళు పోయాయి, ఒకాయన పెట్టుడు జుట్టు పిట్టలా లేచిపోయింది. ఇంతలో ఒక మబ్బు లోపలికి వచ్చేసింది. దూదిలా ఉందనుకుంటాం గానీ వట్టి తడి బావా, పక్కన మీ చెల్లెలుందో లేదో కూడా కనపడలేదు. ఆ మబ్బులో వాణ్ణి ఎలా పట్టుకున్నానో తెలుసా? వాసన పట్టి! ఒక చేత్తో వాడి కాలరు, ఒక చేత్తో తలుపు. భుజం మీది తువ్వాలుతో పిడి బిగించి కట్టాను. ఆ తువ్వాలు ఇప్పటికీ ఆ విమానంలోనే ఉంది, తీస్తే ప్రమాదమని తియ్యలేదు వాళ్ళు."

గడియారాలాయన భూతద్దం జారి ముక్కు మీద పడింది. "మరి డ్రైవరు?"

"పైలట్టు అంటారండీ. గొడవేమిటో చూద్దామని ఆయన బయటికొచ్చాడు. వెనకాల తలుపు దానంతటదే పడిపోయి తాళం పడింది!"

"అయ్యబాబోయ్! మరి విమానం ఎవరు నడుపుతున్నట్టు?"

"అదే కదా నేనూ అడిగింది! భుజంతో ఒక్క తోపు తోశాను, తలుపు ఊడింది. లోపలికి వెళ్తే ఏముంది, తలుపుతో పాటు వైర్లన్నీ ఊడొచ్చాయి. కింద ఆఫీసు వాళ్ళతో మాట్లాడటానికి దారి లేదు. పైలట్టు తల పట్టుకున్నాడు. నేనన్నాను, 'బాబూ, నువ్వు ఆ పక్క అద్దం దింపు.' దింపాడు. తల బయటపెట్టి కింద ఉన్నవాళ్ళకి ఒక్క కేక పెట్టాను: 'దారి ఖాళీ చెయ్యండి, దిగుతున్నాం!'"

"వినపడిందా?" కండక్టరు గొంతు నిజంగానే వణికింది.

"వినపడటమా! 'వింటున్నాం, కాస్త తగ్గించండి, చెవులు పోతున్నాయి' అన్నారు కిందనుంచి!"

నవ్వులకి గోడనున్న టేపులు ఊగాయి. కండక్టరుకి పొలమారింది. గడియారాలాయన గుమ్మం పట్టుకుని కిందకి జారాడు. ఆ నవ్వుల మధ్యలో నాన్న మిషను మీంచి కోటు తీశాడు. మడతపెట్టాడు. అమ్మాయి చేతికివ్వకుండా తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రేపు వెళ్ళొద్దమ్మా," అన్నాడు. "ఫోను చేసి రానని చెప్పెయ్యి."

గది ఒక్కసారిగా చల్లబడింది. అమ్మాయి నెలల తరబడి తెల్లారకముందే లేచి బస్సెక్కి శిక్షణకి వెళ్ళడం, అక్కడ ఈత కూడా రావాలంటే నేర్చుకోవడం, ఇంట్లో ఒక్కొక్కరినీ బతిమాలడం, అన్నీ ఒక్క మాటతో పోయేలా ఉన్నాయి. పైగా ఇంట్లో ఆమె తరఫున మొదట మాట్లాడింది మావయ్యే. 'పిల్ల ఎగురుతానంటే రెక్కలు కత్తిరిస్తావా బావా, నీకు కత్తెర ఉన్నది అందుకా?' అని అడిగింది ఈ నోరే.

మావయ్యకి అప్పుడు కనపడ్డాయి మనుషుల మొహాలు. "అదేమిటి బావా! భయమెందుకు? నేను ఉన్నాను కదా అక్కడ!"

"ప్రతి విమానంలోనూ నువ్వుంటావా బావా?" అన్నాడు నాన్న.

మావయ్య మాట తడుముకోవడం అమ్మాయి చూడటం అదే మొదటిసారి. "అంటే... ఆ పిల్లలూ మరీ ఏడవలేదులే. ఒక పిల్ల... ఆ మూల పడ్డ పిల్లే... లేచి... వాణ్ణి భుజం మీద ఎత్తుకుని..." అని మొదలుపెట్టాడు. ఎవరూ నవ్వలేదు. కథ ఆయన చేతుల్లోనే చితికిపోయింది.

అంతలో అత్తయ్య టీ గ్లాసులతో వచ్చింది. వంటింటికీ ముందుగదికీ మధ్య గోడ మావయ్య గొంతుకి లెక్కలోది కాదు, అంతా వినే వచ్చింది.

"వీళ్ళు వింటున్నారని మీరు చెప్పడమూ, మీరు చెబుతున్నారని వీళ్ళు వినడమూనా?" అంది గ్లాసులు దించుతూ. "అన్నయ్యా, ఆ గొడవ జరిగినంతసేపూ ఈయన అక్కడ లేనేలేరు."

"విమానంలోనే లేడా?" అన్నాడు కండక్టరు. "మరెక్కడున్నాడమ్మా, రెక్క మీదా?"

"బాత్రూమ్‌లో."

మావయ్య టీ గ్లాసు అందుకుని, కాలుతున్నా వదల్లేదు.

"వెళ్ళారు, గడియ పెట్టుకున్నారు, తియ్యడం రాలేదు. లోపలికి మడిచి లాగాల్సిన తలుపుని బయటికి తోస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఒకతను లేచి గొడవ పెట్టుకున్నాడు. మరీ అంత రాక్షసుడేం కాదు, మన కండక్టరు గారంత ఉంటాడు. సీటు మార్చలేదని అరుపులు, బూతులు, ముందు సీటుని గుద్దడం. ఒక పక్క వాడి గుద్దుళ్ళు, ఇంకో పక్క ఈయన తలుపు గుద్దుళ్ళు."

"మరి ఎవరు ఆపారు?" అన్నాడు నాన్న.

"ఒక పిల్ల. మన అమ్మాయి ఈడుదే. అరవలేదు, ఏడవలేదు. చుట్టుపక్కల వాళ్ళని లేపి వెనక సీట్లకి పంపించింది. తన తోటి ఇద్దరిని వెనక నిలబెట్టుకుని, వాడికి ఎదురుగా నిలబడి ఒకే మాట, ఒకే గొంతుతో మళ్ళీ మళ్ళీ చెప్పింది. వాడు తగ్గాడు. దిగాక పోలీసులొచ్చి తీసుకెళ్ళారు. ఆ పని అవగానే ఆ పిల్లే వెళ్ళి, బయటనుంచి ఏదో చిన్న రేకు ఎత్తి, ఒక్క వేలితో ఈయన్ని విడిపించింది."

ఈసారి పేలిన నవ్వుకి అమ్మ కూడా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాన్న మాత్రం ఇంకా అత్తయ్యనే చూస్తున్నాడు. "భయపడలేదా చెల్లెమ్మా, ఆ పిల్ల?"

"పడింది అన్నయ్యా. తర్వాత తెర పక్కన నీళ్ళు తాగుతుంటే చూశాను, సగం మీదే ఒలకబోసుకుంది. తాగి, మొహం తుడుచుకుని, నా దగ్గరికొచ్చి 'మీరు బాగానే ఉన్నారా అమ్మా' అని అడిగింది."

నాన్న ఒళ్ళోని కోటు మీద చెయ్యి వేశాడు. తన కథ అలా మూలపడటం మావయ్యకి భరించరానిదైంది. గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ గది మధ్యకి వచ్చాడు. "ఆగండాగండి! ఆ తలుపు మామూలు తలుపనుకుంటున్నారా? అది తెరిస్తే విమానం మొత్తం అదుపు తప్పుతుందని తెలిసే, నేను లోపలే ఉండి, ప్రాణాలకి తెగించి..." చేతులు గాల్లోకి లేచాయి, గొంతు సందు చివరి దాకా వెళ్ళింది, గుండీల డబ్బా కాలికి తగిలి గుండీలన్నీ గది నిండా దొర్లాయి.

అమ్మాయి లేచింది. వెళ్ళి మావయ్యకి ఎదురుగా, కొంచెం పక్కకి నిలబడింది. రెండు అరచేతులూ కనపడేలా ముందుకి పెట్టింది. ఆయన కళ్ళలోకి చూసింది. ఆమె గొంతు పెరగలేదు, అయినా అది ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు.

"సార్. దయచేసి మీ సీట్లో కూర్చోండి."

మావయ్య కూర్చున్నాడు.

ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. వెనక కుర్చీ ఉందో లేదో చూసుకోకుండానే కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కన బల్ల మీదున్న కండక్టరు కూడా, అప్పటికే కూర్చునే ఉన్నా, కాస్త సర్దుకుని కూర్చున్నాడు.

ఒక గుండీ దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలి ఆగింది.

"ఇది... ఇదీ నేర్పారా?" అన్నాడు నాన్న.

"మొదట నేర్పింది ఇదే నాన్నా."

నాన్న భుజాలు కదలడం మొదలైంది. ముందు ఏడుస్తున్నాడేమో అనుకుంది అమ్మాయి. తర్వాత చూస్తే నవ్వు, శబ్దం లేని నవ్వు, కళ్ళలో నీళ్ళొచ్చేంత నవ్వు. "మా పెళ్ళి దగ్గర్నుంచీ ఈ మనిషిని కూర్చోబెట్టడం ఈ ఇంట్లో ఎవరివల్లా కాలేదు," అన్నాడు ఎలాగో. "వెళ్ళు తల్లీ. వెళ్ళి చేరు."

"నేను కావాలనే కూర్చున్నాను బావా," అన్నాడు మావయ్య. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం అందరూ వినడం అదే మొదటిసారి. "పిల్లకి ధైర్యం వస్తుందని."

"సరే సార్," అంది అమ్మాయి, ఆయన టీ గ్లాసు తెచ్చి చేతికిస్తూ.