రోజు విడిచి రోజు

విన్నావా ఆ పాస్టరు మాటలు? నా ఇంట్లో, నా చాప మీద కూచుని, నా వక్కే నములుతూ నాకు చెప్తున్నాడయ్యా. వినే ఉంటావులే. చచ్చి మూడ్రోజులైనా, ఇన్ని బట్టలు చుట్టినా, నీవి పాముచెవులే.

ఏమన్నాడూ? సముద్రంలో నాలె పురుగులకి లెక్కలు రావు, అయినా ఏటా అదే పున్నమి దాటాక, అదే తెల్లవారుజామున పైకి తేలతాయి, వాటిని ఎవరు పిలుస్తున్నారమ్మా, అన్నాడు. చంద్రుడు దారి తప్పడట. ఇంత క్రమం దానంతటదే రాదట. నడిపేవాడొకడున్నాడట. కాబట్టి రేపు మీ ఆయన రేహిని ఆ దేవుడి నేలలో పెడదాం, అన్నాడు.

బతికినన్నాళ్ళూ ఆ పురుగుల రోజు లెక్కగట్టి సుంబా దీవిలో ఈ ఊరికి చెప్పిన పూజారివి నువ్వు. నీ విద్యే పట్టుకొచ్చి నిన్నే లాక్కుపోతానంటాడు, చూశావా?

పక్కన మన మర్తీనస్ తల ఊపుతున్నాడు. "నాన్నని చర్చి శ్మశానంలో పెడితే నాకు తృప్తిగా ఉంటుందమ్మా" అంటాడు. పోయింది నువ్వు, తృప్తి వాడికి.

నేనూరుకుంటానా? అడిగేశాను. పాస్టరుగారూ, పురుగులు వేళకొస్తే దేవుడున్నట్టయితే, మరి మా ఆయనకొచ్చిన చలిజ్వరం సంగతేంటండీ? రోజు విడిచి రోజు, పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఠంచనుగా వచ్చేది. ఏడాదికోసారి వచ్చే పురుగుల కంటే అదే నయం కదా. దాన్నెవరు పిలిచారు, అని.

కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. దేవుడి ఆలోచన మనకందదమ్మా, అన్నాడు. మరి పురుగుల దగ్గర నీకెలా అందిందయ్యా? మనకి మంచైతే క్రమమూ, చెడైతే అందకపోవడమూనా? మర్తీనస్ నా మోచేయి గిల్లాడు. గిల్లితే ఆగుతానా?

ఏం, నవ్వుతున్నావా? నవ్వకు. నీ మీదా కోపమే నాకు.

పురుగులు తేలిన ఆ వేళ జ్వరం రాని రోజు. నువ్వే అన్నావు. "ఇవాళ దానికి సెలవే. పురుగుల్ని నా బదులు తమ్ముడు పిలుస్తాడు, నువ్వెళ్ళి ఎలా వచ్చాయో చూసిరా. లావుగా ఉంటే మంచి పంట, తునకలైతే పంట ఎలకల పాలు" అన్నావు. నేను నమ్మాను. నిన్ను కాదయ్యా, జ్వరాన్ని నమ్మాను. దాని వరస తప్పదని నమ్మి, నీ పక్కన ఒక్కర్నీ కూచోబెట్టకుండా బుట్ట పట్టుకుని ఒడ్డుకి పోయాను.

ఊరంతా మోకాల్లోతు నీళ్ళలో దిగి దోసిళ్ళతో తోడుకుంటూ ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. గుర్రాల మీద ఈటెల ఆట మొదలైతే, అదీ కాసేపు నిలబడి చూశాను. చూశానయ్యా, ఏం చెయ్యమంటావు?

ఎన్నడూ లేంది, జ్వరం వరస తప్పి వచ్చింది. నేనొచ్చేసరికి చల్లబడ్డ నీ చెయ్యి నా చాప మీద ఉంది. నన్ను వెతుక్కున్నట్టుంది.

పురుగులు లావుగానే వచ్చాయి, ఒక్కటీ తెగలేదు. కొబ్బరిపాలలో వండి నీ ముందు పెట్టాను. చీమలు పట్టాయి.

సాయంత్రం ఇద్దరూ మళ్ళీ వస్తారు, జవాబు కావాలట. పైన ఎవడైనా ఉన్నాడో లేడో నాకు తెలీదు. ఉంటే మాత్రం నాకెదురు పడకపోవడమే వాడికి మంచిది.

ఆ చర్చి శ్మశానం చూసే వచ్చాను. సున్నం కొట్టిన సిలువలు, తాడు పట్టి పాతినట్టు వరసలు. అబ్బో, ఎంత క్రమమో. ఒక్కో మనిషికి ఒక్కో గొయ్యి.

మన రాతి సమాధిలో ఇద్దరు పడతారు. మీ అమ్మా నాన్నా వాళ్ళ దాంట్లో పక్కపక్కనే లేరూ? మూతరాయి లాగడానికి కొడుకు రానంటే మానె, నీ తమ్ముణ్ణి పిలుస్తాను. పాస్టరుకి అదే నా జవాబు. నమ్మి ఒకసారి నిన్ను ఒంటరిగా వదిలాను. చాలు.

కాస్త గోడవైపు జరిగి పడుకో. నాకూ చోటుండాలిగా.