అద్దం నీళ్ళ మీద ఫోర్త్యునే అల

చేతకానివాడికి మాటలెక్కువ అంటారు గానీ, ఫోర్త్యునేది చేతల్ని కూడా నమిలి మింగేసిన నోరు. ఆ మధ్యాహ్నం ఫ్రాన్సులోని సాఁరఫాయెల్ రేవులో, విమానాల కార్ఖానా జనం రొట్టె తినే కాఫీకొట్టులో వాడా నోరు తెరిచేసరికి, విమానం రెక్కలకు గుడ్డ కుట్టే జెనోబీకి తింటున్న ఉప్పుచేప రొట్టె చేదెక్కింది.

అయినా వినక తప్పదు. రేపే ఆఖరి పరీక్ష. చక్రాల బదులు రెండు పడవపాదాలు తొడిగిన తమ యుద్ధవిమానం నీళ్ళమీంచి లేచిందా, ఫ్రెంచి నావికాదళం కొంటుంది. లేవలేదా, కార్ఖానాకు తాళం, అరవైమంది వీధిలో. చూస్తే గాలి చచ్చి సముద్రం అద్దంలా పడుకుంది. అద్దం నీళ్ళు పాదాల్ని జిగురులా పట్టేస్తాయి. ముందు ఒక మోటారు పడవ వెళ్ళి అలలు రేపాలి. అది నడిపేవాడు నిన్ననే చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

"నేనున్నాగా మేస్త్రీ!" కార్ఖానా మేస్త్రీ బార్తెలెమీ వైపు సోంపుసారా గ్లాసెత్తాడు ఫోర్త్యునే. "పోయినేడు బెర్ సరస్సులో, మన మొదటి విమానానికి దారి తీసిందెవరనుకున్నారు? ఏదో నాలుగు చిన్న అలలు రేపానంతే, గొప్పలెందుకు? పైలటు 'ఇంకాస్త' అని చెయ్యూపాడు. పెంచాను. పడవ ముక్కు లేచింది, నేను లేచాను, నా టోపీ లేచి మార్సేయి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అల లేచింది. ఎంతెత్తు? చర్చి గంట తడిసింది!"

"మోగిందా?" అన్నాడు రివెట్లు కొట్టే మియూస్.

"మోగదూ? ఫాదరుగారు పరిగెత్తుకొచ్చి పూజ మొదలెట్టేశారు! విమానం ఆ అలెక్కి ఎగిరింది. బాగానే ఉంది, నా పడవ ఆగితేగా? అదీ ఎగిరింది! వెనక్కి చూస్తే మబ్బుల్లో విమానం నా తోకపట్టుకునొస్తోంది. పైలటు ఒకటే మొత్తుకోళ్ళు: 'అన్నా, పక్కకి జరుగు, నావికాదళం వాళ్ళు చూస్తున్నారు, విమానం మానేసి నీ పడవ కొనేస్తారు!'"

కొట్టంతా పగలబడి నవ్వింది. మేస్త్రీ బార్తెలెమీ కూడా నవ్వాడు; నవ్వుతూనే పడవ ఇంజను తిప్పే ఇనపకడ్డీ తీసి ఫోర్త్యునే ముందు పెట్టాడు. అవసరం అంత గుడ్డిది. జెనోబీ రొట్టె పక్కన పెట్టింది.

"ఒక్కమాట," అంది. "విమానం మీదికొచ్చేస్తుంటే పడవ ఎటు తిప్పావ్?"

"తిప్పడమా? నేనా? తిన్నగా పోనిచ్చా!"

"తిన్నగా పోయుంటే ఈపాటికి నీ తలకాయ చేపలు తినేసేవి. దాని ముందు పాములా మెలికలు తిరగాలి. చప్పుడు వీపుకు తగలగానే ఒక పక్కకి తప్పుకోవాలి. బెర్‌కి మీరెవరూ రాలేదు; రెక్కల గుడ్డ చూసుకోడానికెళ్ళి, ఆ పడవ నడిపింది నేను. నా అల మోకాలు కూడా తడపలేదు. విమానం మాత్రం లేచింది."

మేస్త్రీ ఆమె వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అక్కా?" అన్నాడు మియూస్.

"అడిగితేగా! సూది పట్టే చేతిని చుక్కాని గురించి అడిగిన మగాడెవడు?"

మేస్త్రీ గొంతు తగ్గించాడు. "ఈ రెండోది తుపాకులతో బరువెక్కిందమ్మా. లేస్తుందంటావా?"

"బరువైతే రెండు మెలికలు ఎక్కువేస్తా. లేస్తుంది."

కడ్డీ ఆమె ముందుకు జరిగింది. ఫోర్త్యునే గ్లాసు పక్కకి నెట్టి, చిన్నగా అన్నాడు: "పోనీ పడవలో చేరే నీళ్ళు తోడడానికైనా నన్ను రానిస్తావా జెనోబక్కా?"

"రా. డబ్బా నేనిస్తా. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రా."