పెట్రోలు గిన్నెకూ గాలి

కార్బురేటర్ ఇంజనుకి టర్బో పెడితే మా ఉస్తాద్ చేతిలో ఉరుకుతుంది. ప్రార్థన చేసుకుని మొదలుపెట్టినా నా చేతిలో ఎందుకు ఆగిపోతుందన్న సందేహం ఏళ్లుగా ఉంది. తన వీసా రద్దయి ఊరికి వెళ్లిపోయే ముందు రోజు, ఆయన నన్ను ముసఫ్ఫా పారిశ్రామికవాడలోని మా మెకానిక్ షెడ్డుకి పిలిచాడు.

"ఈ సన్న గొట్టం చూడు. టర్బో తోసే గాలిని దీంతో కార్బురేటర్‌లోని పెట్రోలు గిన్నెలోకి కూడా పంపాల."

"గిన్నెకెందుకు భాయ్?"

"గాలి ఒక్క పక్కే తోస్తే పెట్రోలు ఎట్లా వస్తాది? రెండు పక్కలా సమంగా తొయ్యాల."

"ఇది కనపడకూడదనేనా, చివర్లో గొట్టం బిగించే వేళకి నన్ను చాయ్‌కి పంపేవారు!"

"నేర్పిస్తే వేరే షెడ్డుకి పోతావనుకున్నా. నువ్వు పోతే, శుక్రవారం నేను నమాజు నుంచి వచ్చినాక నాతో కూచుని తినేదెవరు?"

"రేపట్నుంచి నాతో ఎవరు తింటారు భాయ్?"

"యల్లా, కానియ్, ముందు బిగించు."

బిగించాను. ఈసారి ఇంజను ఆగలేదు.

"ఖలాస్ తమ్ముడూ. నీ బాకీ తీర్చేసినా."