ఎండను దాచిన ఇటుక

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన అల్తాఫ్ టీ అంగడి ముందు, ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు వేసుకుని పొద్దున్నే ఉమాశంకర్ నిప్పులు కక్కుతున్నాడు. పక్కన మేనమామ శేషయ్య. విగ్రహాలు చెక్కే శిల్పి. మేనల్లుడి కోతలు ఆయనకు కొత్త కాదు. కానీ ఈసారి మాట పీహెచ్‌డీ సీటు గురించి. అది రావాలని తను చెక్కిన దేవుళ్లందరికీ మొక్కినవాడు కనుక, టీ చల్లారిపోతున్నా వింటున్నాడు.

“మామా, నీ షెడ్డులో రాతిపొడి ఉండాది సూడు, దాంతో ఇటుక చేసినా. ఎండలో పెడితే వేడి దాచుకుంటాది. పొద్దు గూకినాక దానిమీద చెంబుడు నీళ్లు పెడితే కాగినాయి.”

అది నిజమే. ఆ నీళ్లతో శేషయ్య స్నానం కూడా చేశాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో ఇటుక చేసి తీగ తగిలిస్తే వీధి లైట్లన్నీ వెలిగినాయి, రుద్రవరం దాకా మోటార్లు తిరిగినాయి, ఇంక మాకేం పని అని కరెంటోళ్లు మీటర్లు పీక్కోని పోయినారు.”

“మా మీటరు ఈడ్నే ఉండాదే,” అన్నాడు అల్తాఫ్ టీ వడగడుతూ.

“నీది మర్చిపోయినార్లేప్పా, అడ్డం రావద్దు! శ్రీశైలం డ్యాము ఇంజనీర్లు జీపేసుకోని వచ్చి, ‘స్వామీ, మా మిషన్లు తుప్పు పడతాండాయి, నీ ఇటుకను రోంత ఆపు’ అని కాళ్లు పట్టుకున్న్యారు. యాడ ఆపేది? అది ఎండనంతా లాగేసుకుంటాంటే మే నెలలో ఊరంతా కంబళ్లు కప్పుకున్న్యారు, వడియాలు ఎండక ఆడోళ్లు నన్ను తిట్టినారు! అట్లాంటోన్ని నంద్యాలకు ఇంటర్వ్యూకు పోతే ఏమైందో తెలుసా? ఇటుక పెడితే టేబులు కాలింది, ఏసీ కరిగింది, ఒక సారు మీసం మాడింది. అయినా ‘పేపర్లు పబ్లిష్ చేసినావా’ అంటారు! ‘మీసం సూస్కోండి సార్’ అంటి. ‘ఇంగ్లీషులో చెప్పు’ అంటారు! ఎండకు ఇంగ్లీషొస్తాదా మామా? సీటు పెద్ద కాలేజీ పిల్లోళ్లకే ఇచ్చుకున్న్యారు. రాతిపొడి పీల్చి పెరిగినోళ్లకు ఎందుకిస్తారు?”

ఈ చివరి మాటకు శేషయ్యకు నిజంగానే ఒళ్లు మండింది. మీసం సంగతి ఎట్లున్నా ఆ అవమానం అబద్ధం కాదనిపించింది. గ్లాసు టక్కున పెట్టి లేచాడు.

“పదరా, ఆ సార్లెవరో నేనూ సూస్తా. నా షెడ్డు పొడి వాళ్లకంత లోకువైందా?”

ఉమాశంకర్ ముఖం పాలిపోయింది. “ఇప్పుడెందుకులే మామా, అయిపాయ కదా.”

అంతలో అతనితో ఎమ్మెస్సీ చదివిన ఆర్షియా సంచి భుజాన వేసుకుని వచ్చింది. “ఏందీ ఉమా, ఈడ కూర్చున్న్యావ్? ఇంటర్వ్యూ ఈపొద్దే కదా మనిద్దరికీ! నంద్యాల బస్సు బయల్దేరతాంది.”

శేషయ్య మేనల్లుడిని చూశాడు. బెంచీ కింద గుడ్డసంచిలో ఇటుక ఉంది. కొత్త బూట్లు దాన్ని ఇంకా లోపలికి తోస్తున్నాయి.

“నేనిన్నాళ్లు రాళ్లు కొడతాండా గానీ, ఉలి పెట్టకముందే రాయి పగిలిందని రచ్చ చేసినోన్ని నిన్నే సూస్తాండారా,” అన్నాడు.

“వాళ్లు అట్లే అంటారు మామా!”

“అంటే అనిపించుకోని రా. అప్పుడు ఇద్దరం కల్సి తిడదాం.”

రెక్క పట్టుకుని బస్సు ఎక్కించి, ఇటుక సంచిని ఒళ్లో పెట్టబోయి తడిమి చూశాడు. చల్లగా ఉంది.

“ఎండ పక్క సీట్లో కూర్చోరా,” అన్నాడు శేషయ్య. “నంద్యాల చేరేలోపల ఇది వేడెక్కాల.”