మిక్సర్ మీద చేపల నీళ్ళు

నా పేరు వాసుపల్లి దేముడమ్మ, కీర్తిశేషులు మల్లేశు భార్యను. వయసు అరవై ఒకటి. ఆధార్ కార్డులో యాభై ఎనిమిదని పడింది, దానికి నా పూచీ లేదు. వృత్తి చేపల అమ్మకం. నివాసం అండమాన్‌లోని బాంబూఫ్లాట్, జెట్టీ పైనున్న ఇళ్ళ లైన్లలో. నాకు చదువు రాదు. నేను తెలుగులో చెబుతుంటే హెడ్ కానిస్టేబుల్ లోకనాథం గారు రాసుకుంటూ ఎస్సై గారికి హిందీలో వినిపిస్తున్నారు. నన్నెవరూ బెదిరించలేదు. బెదిరిస్తే బెదిరే మనిషిని కూడా కాను.

మొన్న ఆదివారం సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో గంగమ్మ ఊరేగింపు జెట్టీ రోడ్డు మలుపులో ఆగింది. అక్కడ సౌండ్ సర్వీసు నడిపే చక్రి మిక్సర్ మీద చేపల నీళ్ళు పోసింది నేనే. కాలు జారి ఒలకలేదు. బేసిన్ రెండు చేతులా ఎత్తి పోశాను. అందులో కరిగిన ఐసు, పొలుసులు, కొంచెం నెత్తురు ఉన్నాయి. చేపలు లేవు, అన్నీ అమ్ముడుపోయాయి.

ఎందుకు పోశానో చెబుతాను. మా పెద్దమ్మాయి రామలక్ష్మి కూతురు దుర్గకు పందొమ్మిదేళ్ళు. ఫెర్రీ దగ్గరగా ఉంటుందని నా ఇంట్లో ఉండి పోర్టుబ్లెయిర్ కాలేజీకి వెళ్తోంది. దానికి ఒక కీబోర్డు ఉంది. ఆర్కెస్ట్రా మానేసి మెయిన్‌లాండ్ వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర పాతది కొన్నది. దాని పక్కన చిన్న పెట్టె, సీక్వెన్సర్ అంటారట. ఆ పెట్టెకు పదహారు బొత్తాలు. ఏ బొత్తాం నొక్కితే ఆ చోట దెబ్బ పడుతుంది. ఎర్ర దీపం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి మళ్ళీ మొదటికి వస్తుంది. ఇదంతా కేసుకు అవసరమా అని ఎస్సై గారు అడుగుతున్నారు. అవసరమే, రాయండి.

నేను మొద్దు మీద చేపలు కోస్తుంటే ఆ కత్తి చప్పుడును దుర్గ ఫోనులో పట్టింది. పెట్టెలోకి ఎక్కించి, బొత్తాలు నొక్కి దరువు చేసింది. హెడ్‌ఫోన్ నా చెవులకు తగిలించి ఎలా ఉందని అడిగింది. అన్ని దెబ్బలూ ఒకే కొలతలో పడుతున్నాయి, గోడ గడియారం కొట్టుకున్నట్టు. నాకు ఒళ్ళు మండింది.

"ఒసే, సేపనిలగ ఎవులు కోస్తారే? తల తెగ్గొట్టినాక తిప్పొద్దేటి? తిప్పకుండా తోక కాడ కత్తి ఎలా పడతాదే?" అన్నాను.

అది పడీపడీ నవ్వింది. నవ్వి, ఒక బొత్తాం ఆర్పేసింది. ఇప్పుడు రెండు దెబ్బలు పడతాయి, ఒక ఖాళీ వస్తుంది, మళ్ళీ దెబ్బ పడుతుంది. ఆ ఖాళీలో నా చేయి చేపను తిప్పుతుంది. తర్వాత దాని కింద కీబోర్డుతో బరువైన మోత ఒకటి పెట్టింది. ఇంట్లో కూర్చుని వింటే డింగీ పడవ ఇంజను దూరం నుంచి వస్తున్నట్టే ఉంటుంది. ఆ ఒక్క మోత కోసం మీటలు తిప్పుతూ ఎన్ని రోజులు కూర్చుందో, ఎన్నిసార్లు అన్నం మాడగొట్టిందో నాకు తెలుసు. తిట్టాను కూడా. తిడుతూనే విన్నాను. మా వంశంలో వలలు అల్లినవాళ్ళున్నారు, పడవలు కట్టినవాళ్ళున్నారు. పాట కట్టింది మాత్రం ఇదొక్కతే.

చక్రి చెడ్డవాడని నేననను. ఇక్కడ పండుగైనా పెళ్ళైనా సౌండ్ అతనిదే. వచ్చే నెల పోర్టుబ్లెయిర్‌లో జరిగే స్టేజీ ప్రోగ్రాంలో కీబోర్డు దగ్గర కూర్చోబెడతానని దుర్గకు మాటిచ్చాడు. అది నమ్మి తన దరువు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది. ఊరేగింపులో అతను దాన్నే వేశాడు.

వేయగానే జనం ఊగిపోయారు. నాతో చేపలమ్మే సింహాచలమ్మ, మిగతా ఆడవాళ్ళు కూడా చిందులు వేశారు. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా వాళ్ళ మణికట్లు వాటంతటవే తిరిగాయి. వాళ్ళకెవరూ చెప్పలేదు. నేను చూశాను, నా గుండె ఇంత లావైంది.

సంఘం పెద్ద గణేశ్వరరావు గారు మైకులో ఈ మ్యూజిక్ ఎవరిదని అడిగారు. చక్రి మైకు లాక్కుని, "మేరా హై భాయ్! నా సొంత మ్యూజిక్కు! స్టేజీ ప్రోగ్రాంలో కూడా ఇదే కొడతాను!" అన్నాడు.

దుర్గ సౌండ్ బండి పక్కనే వైర్ల చుట్ట పట్టుకుని నిలబడి ఉంది. తల దించుకుంది.

నేను దగ్గరికి వెళ్ళి, "ఏరా సక్రీ, నీదేటిరా? మా గుంటది కాదేటి?" అన్నాను.

"నానీ, పక్కకెళ్ళు. నీకేటి తెలుసు మ్యూజిక్కు గురించి?" అన్నాడు. నానీ అంటే ఇక్కడ అమ్మమ్మ.

అప్పుడు పోశాను. మిక్సర్ చిర్రుమని ఆగిపోయింది.

ఈరోజు ఉదయం స్టేషన్‌లో చక్రి ఒక రాజీ చెప్పాడు. మ్యూజిక్ అతనిదేనని, నేను తెలియక గొడవ చేశానని రాసిస్తే కేసు వెనక్కి తీసుకుంటాడట. దుర్గ నా చెవిలో, "అమ్మమ్మా, మాఫీ చెప్పేయ్. చక్రి భయ్యాని కాదంటే నాకు స్టేజీ ఎవరిస్తారు? ఇంకోటి చేసుకుంటాను, ఛోడ్ దో, వదిలెయ్," అంది. చక్రి మీద కూడా రానంత కోపం నాకు దాని మీద వచ్చింది. కన్నీళ్ళు కూడా వచ్చాయి, అది వేరే సంగతి.

లోకనాథం గారు వాంగ్మూలం మొదటిసారి చదివినప్పుడు నీళ్ళు పోసిన సంగతి ఒక్కటే ఉంది. పాట ఎవరిదో లేదు. నేను పిడికిలి బిగించి ముద్రకు వేలు ఇవ్వనన్నాను. తప్పు నా పేరున రాసినప్పుడు పాట దాని పేరున రాయాలి, రెండూ ఒకే కాగితంలో ఉండాలి అన్నాను. ఎస్సై గారు, "నానీజీ, మీరు చెబితే చాలదు. బనానేవాలీ ఖుద్ బోలే, తబ్ లిఖేంగే," అన్నారు. చేసినవాళ్ళే చెప్పాలని దాని అర్థం. నేను దుర్గ వైపు చూడలేదు. బెంచీ మీద చక్రి ఫోను చూసుకుంటున్నాడు.

దుర్గ లేచింది. "మైనే బనాయా, సర్," అంది. చక్రి వైపు తిరిగి తెలుగులో మళ్ళీ అంది: "నేనే చేశాను భయ్యా. స్టేజీ ఇవ్వకపోతే మానెయ్. ఆ ఖాళీ ఎందుకుందో నీకు తెలీదు. నాకు తెలుసు."



ఎస్సై గారు పేరు అడిగితే చెప్పింది. ఏం పని చేస్తావని అడిగితే కాలేజీ అంటుందనుకున్నాను. "మ్యూజిక్ బనాతీ హూఁ" అంది, మ్యూజిక్ చేస్తానని. చక్రి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మిక్సర్ బాగుచేయించమంటే చేయిస్తాను. క్షమాపణ చెప్పను.

ఇదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి చదివినప్పుడు మా దుర్గ పేరు, దాని పని ఇందులో ఉన్నాయి. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. ఇక వేలు ఇస్తున్నాను.

ఎడమ బొటనవేలి ముద్ర: వాసుపల్లి దేముడమ్మ